పాత డాట్సన్ కొనేవాళ్లు ఇంజను కన్నా ముందు రేకు చూడాలి

సంపాదకులకు,

విషయం: పాత డాట్సన్ కార్ల కొనుగోళ్లు, విడిభాగాలు, వరద బండ్లు

ఆర్యా,

విజయవాడ, గుంటూరు పాత కార్ల బేరాల్లో డాట్సన్ పేరెత్తగానే రెండు మాటలు వినబడతాయి. కొనేవారు "ఆ కంపెనీ ఎత్తేశారుగా, సామాను దొరకదు" అని ధర దించుతారు. అమ్మేవారు "నిస్సాన్ వాళ్లదే కదండీ, సామానుకేం భయం" అని ధర నిలబెడతారు. రెండిట్లోనూ కొంత నిజముంది. ఏ సామాను దొరుకుతుంది, ఏది దొరకదు అన్నది విడమరిచి చూడకుండానే అడ్వాన్సు చేతులు మారుతోంది. తక్కువ ధరకు కుటుంబానికో కారు అనుకుని వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇదే మొదటి కారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు పేరు సంగతి. 1980ల్లో పక్కన పెట్టేసిన డాట్సన్ పేరును చవక కార్ల కోసం మళ్లీ తెస్తున్నామని నిస్సాన్ 2012లో ప్రకటించింది. మన దేశంలో 2014 మార్చిలో 'గో' వచ్చింది, ఢిల్లీ ఎక్స్ షోరూం ధర 3.12 లక్షల నుంచి. 2015 జనవరిలో ఏడు సీట్ల 'గో ప్లస్', 2016 జూన్‌లో 2.39 లక్షల నుంచి 'రెడీ గో' వచ్చాయి. మూడూ చెన్నై దగ్గర ఒరగడం ఫ్యాక్టరీలో తయారైనవే. 2022 ఏప్రిల్‌లో ఆ పేరు ఆగిపోయింది. సర్వీసు, విడిభాగాలు, వారంటీ కొనసాగుతాయని నిస్సాన్ అప్పుడే చెప్పింది. కాబట్టి పోయింది బ్రాండే, దాని యజమాని కాదు. కానీ ఆ మాట మీద భరోసా ఎంతవరకు అన్నది బండిలో ఏ భాగం గురించి మాట్లాడుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

బానెట్ కింద ఉన్నదాంట్లో డాట్సన్ సొంతమంటూ దాదాపు ఏమీ లేదు. గో, గో ప్లస్‌లలో ఉన్నది 1198 సీసీ మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను, హెచ్‌ఆర్12 అంటారు. నిస్సాన్ మైక్రా పెట్రోలులోనూ, రెనో పల్స్ పెట్రోలులోనూ అదే. నిస్సాన్ సన్నీ పెట్రోలులోని 1.5 లీటర్ల ఇంజను దీనికి అన్న వరస. రెడీ గో సంగతి వేరు. అందులో 799 సీసీ గానీ 999 సీసీ గానీ ఉంటుంది, ఆ రెండూ రెనో క్విడ్ ఇంజన్లే. కింది చట్రం (ప్లాట్‌ఫారం) కూడా క్విడ్‌దే. ఇంజను వాల్వులను నడిపేది అన్నిటికీ టైమింగ్ చైనే, బెల్టు లేదు. లక్ష కిలోమీటర్లకు బెల్టు మార్చాలని ఎవరైనా బిల్లు రాస్తే ఆ గ్యారేజీ నుంచి బండి తీసుకుని బయటపడటం మంచిది.

ఇక్కడో మెలిక ఉంది. మైక్రా, సన్నీ కూడా 2020లోనే మన మార్కెట్ నుంచి వెళ్లిపోయాయి. అంటే గో ఇంజను సామాను కొత్త కార్ల అమ్మకాల బలంతో కాదు, రోడ్డు మీద మిగిలిన పాత బండ్ల గిరాకీతో దొరుకుతోంది. ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ సెట్టు లాంటి అరిగే సామానుకు ఇబ్బంది లేదు. కంపెనీవి కాకపోయినా పేరున్న బయటి కంపెనీలవి ఉంటాయి. రెడీ గో 1.0 వాళ్లు అందరికన్నా నిశ్చింతగా ఉండొచ్చు, క్విడ్ 1.0 ఇంకా కొత్తగా అమ్ముడవుతోంది కాబట్టి. 0.8 క్విడ్ ఆగిపోయినా రోడ్ల మీద కావలసినన్ని ఉన్నాయి. ఒరగడం ఫ్యాక్టరీలో నిస్సాన్‌కున్న 51 శాతం వాటాను 2025లో రెనో తీసుకుంది. క్విడ్‌తో కలిసే సామానుకు అది మంచిదే.

షాపుకు వెళ్లి "డాట్సన్ ఆయిల్ ఫిల్టర్ ఉందా" అని అడిగితే కౌంటరు మీద కుర్రాడు లేదనేస్తాడు. అడిగే పద్ధతి వేరు. నిస్సాన్ విడిభాగం నంబరులో పది అక్షరాలుంటాయి, అయిదు అయిదుగా. మొదటి అయిదూ అది ఏ భాగమో చెబుతాయి, చివరి అయిదూ ఏ బండికో చెబుతాయి. 15208 అంటే ఆయిల్ ఫిల్టర్. 16546 అంటే ఎయిర్ ఫిల్టర్. 26010 కుడి హెడ్‌లైటు, 26060 ఎడమది. రెనో కూడా ఇదే లెక్క వాడుతుంది, కాకపోతే నంబరు చివర ఆర్ అక్షరం ఉంటుంది. ఛాసిస్ నంబరు ఇచ్చి ఒక్కసారి షోరూం పార్ట్స్ కౌంటరులో పూర్తి నంబరు రాయించుకుంటే, ఆ తర్వాత ఏ షాపులోనైనా బండి పేరు చెప్పక్కర్లేదు, నంబరు చూపిస్తే చాలు. మైక్రా డబ్బా మీదో క్విడ్ డబ్బా మీదో అదే పది అక్షరాలుంటే అది మీ బండిదే. ఒక్క అక్షరం తేడా ఉన్నా "ఇది కూడా పడుద్ది" అన్న మాట వినకుండా పాతది పక్కన పెట్టి కొలుచుకోవాలి. మైక్రా డీజిల్ ఇంజను సామాను దీనికి పనికిరాదు, అది వేరే ఇంజను.

అసలు చిక్కు రేకు దగ్గర మొదలవుతుంది. బంపర్లు, బానెట్, ఫెండర్లు, తలుపులు, హెడ్‌లైట్లు, వెనక లైట్లు, అద్దాలు, సైడ్ మిర్రర్లు డాట్సన్‌వే. మైక్రావి గోకు పడవు, క్విడ్‌వి రెడీ గోకు పడవు. మార్కెట్లో ఇవే అరుదు అవుతున్నాయి. గోలో కూడా 2018 అక్టోబరుకు ముందు మొహం వేరు, తర్వాతి మొహం వేరు. రెడీ గోకు 2020 మేలో మొహం మారింది. కాబట్టి "గో హెడ్‌లైటు" అని అడిగినా సరిపోదు, ఏ సంవత్సరందో చెప్పాలి.

దీని ఫలితం గ్యారేజీలో కన్నా ఇన్సూరెన్సులో ఎక్కువ కనిపిస్తుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే ఇన్సూరెన్సులో బండికి రాసిన విలువలో, 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద, అంటే పూర్తిగా పోయినట్టే లెక్కగడతారు. ఐడీవీ లక్షా యాభై వేలున్న బండికి ఆ గీత 1,12,500 దగ్గర పడుతుంది. ముందు నుంచి గుద్దుకుంటే రెండు హెడ్‌లైట్లు, బంపరు, బానెట్, రేడియేటరు, కండెన్సరు, రెండు ఫెండర్లు, లేబరు, పెయింటు అన్నీ కలిసి ఆ గీతను తేలిగ్గా చేరతాయి. ఇంజను గడియారంలా తిరుగుతుంటుంది, బండి మాత్రం కాగితాల మీద చచ్చిపోతుంది. అందుకే పాత డాట్సన్ ధర కట్టేటప్పుడు మీటరు మీది కిలోమీటర్ల కన్నా హెడ్‌లైట్ల కాళ్లకు ఎక్కువ విలువివ్వాలి. బానెట్ ఎత్తి లైటును చేత్తో ఊపండి. బిగింపు కాళ్లు విరిగి ఎంసీల్ జిగురు పెట్టి అతికించినవి ఊగుతాయి. రేడియేటరు సపోర్ట్ ప్యానెల్ బోల్టుల మీద, బానెట్ హింజ్ బోల్టుల మీద పెయింటు చెదిరితే విప్పి బిగించారన్నమాట. అన్ని అద్దాల మీదా తయారీ సంవత్సరం గుర్తుంటుంది. ఒక్క అద్దం వేరే సంవత్సరానిదైతే ఆ వైపు రేకును వేళ్లతో తట్టి చూడాలి. పుట్టీ ఉన్నచోట రేకు మోత మోగదు, గోడ కొట్టినట్టుంటుంది. ఈ కార్ల రేకు పల్చన, చిన్న గుద్దుకే నొక్కు పడుతుంది. బంపరుకు గీకలుంటే గీకలుగానే ఉంచుకుని బేరం ఆడటం మేలు, కొత్తది దొరుకుతుందని లెక్కలో వేసుకోవద్దు.

విజయవాడలో దీనికి తోడు ఇంకోటి ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరి పేట వైపు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఏ కంపెనీవైనా సరే, వాటిలో కొన్ని కడిగి తుడిచి మళ్లీ అమ్మకానికి వస్తాయి. చవక బండ్లలో అది ఎక్కువ, ఎందుకంటే కొనేవాళ్లు లోతుగా చూడరు. పరీక్ష కష్టమేమీ కాదు. నాలుగు సీటు బెల్టులనూ చివరిదాకా లాగండి. సీట్లు కడుగుతారు, కార్పెట్లు మారుస్తారు, బెల్టు చుట్ట లోపలి భాగం కడగరు, అక్కడ ఒండ్రు గీత దొరికిపోతుంది. డ్రైవరు సీటు పూర్తిగా వెనక్కి జరిపి పట్టాల తుప్పు చూడండి. స్టెప్నీ గుంటలో, డాష్‌బోర్డు కింది వైరింగ్ కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుము ఉందేమో టార్చి వేసి చూడండి. ఆయిల్ క్యాప్ విప్పితే పాలు ఎక్కువైన టీ రంగు కనిపిస్తే అక్కడితో ఆపేయొచ్చు. నీళ్లలో ఉన్నప్పుడు ఎవరైనా సెల్ఫ్ కొట్టి ఉంటే నీరు సిలిండరులోకి వెళ్లి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండి స్టార్టవుతుంది, నడుస్తుంది కూడా, కానీ ఆ సిలిండరు కంప్రెషన్ (లోపలి గాలి ఒత్తిడి) పడిపోయి ఉంటుంది. మూడు ప్లగ్గులూ విప్పి కంప్రెషన్ గేజి పెట్టించండి. మూడు సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాటకూడదు. అరగంట పని ఇది. అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయడమే మంచిది.

తాళం తిప్పగానే, ఇంజను స్టార్టు చేయకముందు, మీటరులో చెక్ ఇంజను లైటు వెలగాలి. ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి ఆ లైట్లు కూడా వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే లోపముంది. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, లోపం కనబడకుండా లైటునే తీసేసి ఉండొచ్చు.

మూడు సిలిండర్ల ఇంజను ఐడిల్‌లో కొంత వణుకుతుంది, అది రోగం కాదు. ఏసీ వేసినప్పుడు స్టీరింగు, మిర్రరు, తలుపు ప్యాడ్లు కలిసి గలగలమంటే మాత్రం ఇంజనును పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు పోయాయి. బానెట్ ఎత్తి ఉంచి, ఇంకొకరితో రివర్సు గేరులో సగం క్లచ్ వదిలించండి. ఇంజను ఎగిరి పడితే ఏ మౌంటింగు చిరిగిందో కంటికే కనబడుతుంది. క్లచ్ చూడటానికి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుడు చాలు. నాలుగో గేరులో 40 దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అయిపోయింది. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో రోజూ సగం క్లచ్ మీద నడిపిన బండ్లకు ఇది ముందే వస్తుంది. క్లచ్ పెడలు లేని ఏఎంటీ రెడీ గో అయితే కంప్యూటరు స్కానరు పెట్టకుండా కొనొద్దు, అందులో క్లచ్ తొక్కేది యాక్చువేటరు అనే పరికరం, దాని ఖర్చు వేరు.

ఆయిల్ మార్చేటప్పుడు మూడు లీటర్ల క్యాను కొనుక్కుని, ఒకేసారి కుమ్మరించకుండా డిప్‌స్టిక్ చూసుకుంటూ పోయాలి. చిన్న ఇంజన్లలో అర లీటరు ఎక్కువైనా తేడా చేస్తుంది. వేసవిలో మన ఎండలకు ఎక్కువ దెబ్బతినేది కూలింగు. చాలా బండ్లలో కూలెంటు బదులు బోరు నీళ్లుంటాయి. గుంటూరు వైపు బోరు నీళ్లలోని ఉప్పు అల్యూమినియం రేడియేటరులో పాచి కట్టినట్టు పేరుకుంటుంది, థర్మోస్టాట్ బిగుసుకుంటుంది, ఆ తర్వాత హెడ్ గ్యాస్కెట్ వంతు. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి పోయాలి. ఇంజను వేడెక్కేదాకా నిలబెట్టి, ఫ్యాను తనంతట తాను తిరిగి ఆగుతోందా చూడాలి. తాళం తిప్పగానే ఆగకుండా తిరిగేలా ఫ్యానుకు డైరెక్టు వైరు ఇచ్చి ఉంటే సెన్సరో రిలేనో పోయిందనే అర్థం.

ఇక భద్రత గురించి మొహమాటం లేకుండా రాయాలి. 2014లో కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో గోకు పెద్దల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. బాడీ నిర్మాణమే నిలబడలేదు కాబట్టి ఎయిర్‌బ్యాగులు పెట్టినా పెద్ద ఉపయోగం ఉండదని ఆ సంస్థ చెప్పింది, కారును ఉపసంహరించమని నిస్సాన్‌ను కోరింది కూడా. 2019లో రెడీ గోకు ఒక్క స్టారు వచ్చింది. 2018 అక్టోబరు నుంచి వచ్చిన గో, గో ప్లస్‌లకు రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ అన్ని రకాల్లోనూ ఇచ్చారు. 2019లో ఖరీదైన రకాలకు బండి అదుపు తప్పకుండా చూసే వ్యవస్థ కూడా చేర్చారు. కాబట్టి ఒకే ధర దగ్గర 2017 బండి, 2019 బండి కనిపిస్తే రెండో ఆలోచన అక్కర్లేదు. అయితే ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ తేదీ కాదు, తయారీ నెల చూడాలి. షోరూంలో నెలల తరబడి నిలిచిన బండ్లు ఉంటాయి.

గో ప్లస్‌ను ఏడుగురి బండి అని అమ్ముతారు. పొడవు 3995 మిల్లీమీటర్లు, పన్ను కోసం నాలుగు మీటర్ల లోపు ఉంచారు. మూడో వరుస వేసినప్పుడు వెనక మిగిలే సామాను చోటు 48 లీటర్లే. ఆ వరుసలో కూర్చున్నవాళ్ల తల వెనకే డిక్కీ అద్దం. పెద్దవాళ్లను అక్కడ కుక్కి జాతీయ రహదారి మీద వంద దాటించడం ఆ బండికి చేతకాని పని. ఆ వరుస మడిచి అయిదుగురి బండిగా, 347 లీటర్ల డిక్కీతో వాడుకుంటే మాత్రం ఆ ధరకు అంత చోటున్న బండి దొరకడం కష్టమే, అది ఒప్పుకోవాలి.

టైర్ల దగ్గర ఒక పొరపాటు తరచూ కనిపిస్తుంది. తొలి గోకు 155/70 ఆర్13, తొలి రెడీ గోకు 155/80 ఆర్13. రెండూ పదమూడు అంగుళాలవే కదా అని ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కిస్తారు. టైరు మొత్తం ఎత్తులో 31 మిల్లీమీటర్ల తేడా ఉంది. గోకు రెడీ గో టైర్లు వేస్తే మీటరు 60 చూపినప్పుడు బండి 63 మీద పోతుంటుంది, పికప్ తగ్గుతుంది, నిండా ఎక్కినప్పుడు టైరు పైన తగలొచ్చు కూడా. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి లోతు ఎంతున్నా అలాంటి పాత టైరును కొనుగోలు ధరలో లెక్క వేసుకోకండి.

పెట్రోలు గురించి కొద్దిగా. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఈ కార్లు అంతకుముందు తరానివి. మైలేజీ కొంత తగ్గుతుంది, దానికి ఇంజను విప్పక్కర్లేదు. ఫ్యూయల్ గొట్టాల రబ్బరు మెత్తబడిందా, పగుళ్లున్నాయా అన్నది ప్రతి సర్వీసులో చూడాలి. నెలల తరబడి నిలబెట్టే బండిలో ట్యాంకు నిండా ఉంచొద్దు. సీఎన్‌జీ కిట్టు పెట్టిన బండి కొంటే సిలిండరు మీద ముద్రించిన హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడి పరీక్ష) తేదీ చూడండి. మూడేళ్లకోసారి ఆ పరీక్ష తప్పనిసరి. కిట్టు ఆర్‌సీలో ఎక్కి ఉండాలి, ఇన్సూరెన్సులోనూ ఉండాలి. రెడీ గో డిక్కీ 222 లీటర్లే, సిలిండరు పెడితే సంచి కూడా పట్టదు.

కాగితాల దగ్గర హైదరాబాద్ బండ్లు చాలామందిని ముంచుతున్నాయి. అక్కడ పది వేలు తక్కువకు దొరికిందని తెచ్చుకుంటారు. తెలంగాణ ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి, నంబరు మార్చుకోవాలి. ఆ ఖర్చు కలిపితే ఆ పది వేలు ఎప్పుడో కరిగిపోతాయి. రాష్ట్రంలోని బండికైతే పేరు బదిలీకి ఫారం 29, 30 సరిపోతాయి. లోను తీరినా ఫారం 35తో హైపోథికేషన్ (ఆర్‌సీ మీది అప్పు గుర్తు) కొట్టేయించకపోతే బదిలీ ఆగుతుంది. ఇన్సూరెన్సు 14 రోజుల్లో పేరు మార్చుకోవాలి. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) బండితో రాదు, ఆయనతోనే పోతుంది. ఈ సంగతి ముందే లెక్కేసుకోకపోతే ప్రీమియం చూసి గొడవపడాల్సి వస్తుంది.

ఈ ఉత్తరం ద్వారా కోరేది రెండు పనులు. ఒకటి నిస్సాన్ వాళ్లు చేయాల్సింది. గో, గో ప్లస్, రెడీ గోల బాడీ భాగాల్లో ఏవి ఇంకా తయారవుతున్నాయి, ఏవి స్టాకు ఉన్నంతవరకే, ఏవి పూర్తిగా ఆగిపోయాయి అన్నది పార్టు నంబర్లతో సహా అందరికీ కనబడేలా పెట్టాలి. మైక్రాతోనూ క్విడ్‌తోనూ కలిసే నంబర్లు కూడా అందులోనే ఇవ్వాలి. ఆ జాబితా ఉంటే ఇన్సూరెన్సు సర్వేయరు, మెకానిక్, యజమాని ముగ్గురూ ఒకే కాగితం చూసి మాట్లాడుకుంటారు. "దొరకదు" అన్న ఒక్క మాట మీద బండి టోటల్ లాస్‌లోకి పోదు.

రెండోది పాత కార్ల వ్యాపారులది. డెలివరీ కాగితం మీద తయారీ నెల, వరద నీళ్లలో ఉన్నదీ లేనిదీ, గతంలో టోటల్ లాస్ అయినదీ లేనిదీ సంతకం పెట్టి రాసివ్వాలి. కొనేవాళ్లు కూడా అడ్వాన్సు ఇవ్వకముందే ఆ కాగితం అడగాలి, ఇచ్చాక అడిగితే రాదు.

చేతిలో మంచి డాట్సన్ ఉన్నవాళ్లకు ఒక మాట. పాతసామాన్ల షాపుల్లో మీ సంవత్సరం మొహానికి సరిపడే హెడ్‌లైట్ల జత, వెనక లైట్ల జత కాళ్లు విరగకుండా కనబడితే ఇప్పుడే కొని అటక మీద పడేయండి. ఎలుకలు కొరకని డబ్బాలో పెట్టండి, ఆ వైరు రబ్బరంటే వాటికి మహా ఇష్టం.

ఇట్లు,
పెట్రోలు కార్ల మెకానిక్‌లు,
జవహర్ ఆటోనగర్, విజయవాడ